కేకు నోరు మూసేదాకా

ఐవీ సట్‌క్లిఫ్ కేకు ఉడికిందో లేదో చెవితో తెలుసుకునేది.

ఓవెన్ ఇనుప తలుపు తెరిచి, గుడ్డతో కేకు డబ్బాను ఇవతలికి లాగి, దాని మీదికి వంగి, చెంప కాలకుండా జానెడు ఎడంలో చెవి పెట్టేది. పండ్ల కేకు పచ్చిగా ఉన్నంతసేపూ లోపల గొణుగుతూనే ఉంటుంది. ద్రాక్షలోని తడి, వెన్న, చక్కెర పాకం ఒకదానితో ఒకటి పడక సన్నగా చిటపటలాడతాయి. ఆ గొణుగుడు తగ్గి తగ్గి ఒక చోట ఆగిపోతుంది. ఆగిందంటే అయినట్టే. కేకు నోరు మూసుకుంది అంటారు మా లోయలో.

పుల్ల గుచ్చి చూసేవాళ్ళు లేకపోలేదు. అది పండ్ల కేకు సంగతి తెలియనివాళ్ళ పని. పుల్ల ఎక్కడో ఒక ద్రాక్షకు తగిలి ఎప్పుడూ తడిగానే బయటికి వస్తుంది. ఐవీ తల్లి దీన్ని ఇంకో విధంగా చెప్పేది. "బిడ్డ నిద్రపోయిందా లేదా అని గుండెల్లో సూది గుచ్చి చూస్తామా" అనేది. ఐవీకి అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక కూడా ఆ ఇంట్లో కేకుకు పుల్ల తగల్లేదు.

గడియారం చూసుకోవచ్చు కదా అంటే, ఐవీది బొగ్గు పొయ్యి. వీధిలో అందరూ గ్యాసుకు మారినా ఆమె మారలేదు. కొండ మీది గాలి ఎటు తిరిగితే ఆ పొయ్యి మంట అటు తిరిగేది. ఒక బుధవారం మూడు గంటల్లో అయిన కేకు మరో బుధవారం నాలుగున్నర గంటలైనా అయ్యేది కాదు. కనుక చెవే దిక్కు.

బుధవారం కేకు కాల్చడం, గురువారం మధ్యాహ్నం కోయడం. ఊళ్ళోని నేత మిల్లు మూతబడిన నాటి నుంచి పన్నెండేళ్ళుగా అదే వరస. గురువారం మూడింటికి ఇద్దరు వచ్చేవారు. ఒకరు బెరిల్ హెయిగ్, మిల్లులో ఐవీ పక్క మగ్గం మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. రెండోవారు మిస్ ఆక్రాయిడ్, ఊరి బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నావిడ, అదే వీధిలో మూడిళ్ళ అవతల ఉండేవారు. నల్లగా మరిగిన టీ, కేకు ముక్క, ఆ ముక్క మీద తెల్లటి చీజ్ పలక. కేకు ఒక్కటే తినడం ముద్దు లేని పెళ్ళి లాంటిదని ఇక్కడి సామెత. చీకటి పడేదాకా మాటలు సాగేవి. ఎవరి పెళ్ళి నిలిచింది, ఎవరి పెళ్ళి చెడింది, పాస్టరు గారి కొత్త టోపీ, కాలువలో పడ్డ గొర్రె. వాటిలో ఏదీ ప్రపంచాన్ని మార్చేది కాదు. అయినా ఆ మూడు గంటల కోసమే ఐవీ మిగతా వారమంతా నెట్టుకొచ్చేది.

ఆమె ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. ఆమెకు చెవులు పోయాయి.

మరమగ్గాల మధ్య నలభై ఏళ్ళు నిలబడ్డవాళ్ళకు చెవులు మిగలవు. మిల్లులో మూడు వందల మగ్గాలు ఒకేసారి ఆడేవి. దారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడుకు పక్క మనిషి అరిచినా వినపడేది కాదు. అందుకే అక్కడ ఆడవాళ్ళు గొంతుతో మాట్లాడడం మానేసి పెదవులతో మాట్లాడుకునేవారు. ప్రతి మాటనూ నోటితో పెద్దగా, స్పష్టంగా చెక్కినట్టు కదిపేవారు. గది ఈ చివర ఒకామె చెప్పిన కబురుకు ఆ చివర ఇంకొకామె పడిపడి నవ్వేది. మధ్యలో ఉన్న మేస్త్రీకి ఒక్క ముక్క తెలిసేది కాదు. పెదవులు చదవడం ఐవీకి పద్నాలుగో ఏట అబ్బింది. అది ఆమెను తర్వాత కాపాడింది, మోసం కూడా చేసింది.

చెవుడు ఆమెకు మంచు కురిసినట్టు వచ్చింది. మంచు ఎప్పుడు మొదలైందో ఎవరూ చూడరు. తలుపు తీసేసరికి గోడలు, మెట్లు, దారి మెత్తగా కప్పబడి ఉంటాయి. ఒక చలికాలం గడియారం చప్పుడు పోయింది. మరుసటి వసంతంలో పిట్టలు రాలేదనుకుంది. వచ్చాయి, కొమ్మల మీద నోళ్ళు తెరిచి మూస్తూ కనిపించాయి. ఆ తర్వాత టీ కెటిల్ ఈల, కప్పు మీద వాన, బయట బస్సు, ఒక్కొక్కటే దూరమైపోయాయి. బాధ అనిపించలేదు. ఇల్లంతా తెల్లటి దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు ఉండేది. కొన్ని మధ్యాహ్నాలు ఆమె పొయ్యి ముందు కూర్చుని, మంట నాలుకలు మాటలాడినట్టు కదలడం చూస్తూ, అదేదో తనకు చెబుతోందనుకుని సగం నిద్రలో తల ఊపేది.

మనుషుల దగ్గర ఇబ్బంది లేదు. గురువారాలు ఆమె కిటికీకి వీపు పెట్టుకుని కూర్చునేది. వెలుతురంతా బల్లకు ఎదుటివైపు కూర్చున్న ఆ ఇద్దరి మొహాల మీద పడేది. పెదవులు పుస్తకంలో అక్షరాల్లా కనిపించేవి. ఒక మాట జారిపోతే పక్కవాళ్ళు నవ్వినప్పుడు తనూ నవ్వేది.

కేకుకు పెదవులుండవు.

మొదటిసారి అక్టోబరు చివరి వారంలో జరిగింది. ఓవెన్ తెరిచి చెవి పెడితే నిశ్శబ్దం. తీసి చల్లార్చింది. గురువారం కోస్తే నడుమ అరచేయంత మేర పచ్చి ముద్ద. మిస్ ఆక్రాయిడ్ తన ముక్కను రుమాలులో చుట్టుకుని, "ఇంటికెళ్ళి తీరిగ్గా తింటాను" అన్నారు. బెరిల్‌కు అంత నాజూకు లేదు.

"ఇది కేకా, కిటికీ అద్దాలకు పెట్టే పుట్టీనా?"

"పొయ్యి సరిగా మండలేదే."

"పొయ్యి మండకపోతే నువ్వు మండాల్సింది. మీ అమ్మ చూసుంటే సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలిపెట్టేది."

రెండోసారి నవంబరు మొదటి వారం. అదే నిశ్శబ్దం, అదే ముద్ద. అప్పటికి ఐవీకి సంగతి బోధపడింది. నిశ్శబ్దం కేకుది కాదు, తనది. ఇక ఏ కేకు ముందు వంగినా, పొయ్యిలో పెట్టిన నిమిషానికే అయిపోయిందని చెబుతుంది ఈ చెవి.

ఆ రోజు బెరిల్ ప్లేటు పక్కకు నెట్టి చెప్పింది. "వచ్చేవారం కూడా ఇలాగే ఉంటే మా ఇంట్లో కలుద్దాం. కొట్లో కేకు కొనుక్కొస్తా. నువ్వు కష్టపడక్కర్లేదు, మేమూ కష్టపడక్కర్లేదు."

"కొట్టు కేకా" అన్నారు మిస్ ఆక్రాయిడ్, చచ్చిన ఎలుకను చూసినట్టు.

"ఉడికిన కేకు" అంది బెరిల్.

బెరిల్ ఇల్లు ఐవీకి తెలుసు. ముందు గదికి ఒకటే కిటికీ, ఆ కిటికీకి వీపు పెట్టి బెరిల్ కుర్చీ. వచ్చినవాళ్ళకు ఎదురుగా సోఫా. అక్కడ కూర్చుంటే బెరిల్ మొహం నల్లటి మచ్చ, మిస్ ఆక్రాయిడ్ పక్కనే సోఫాలో, మెడ తిప్పితే చెవి తప్ప నోరు కనిపించదు. ఆ ఇంట్లో గురువారాలంటే చేపల తొట్టిలో కూర్చోవడమే. నాలుగు వారాల్లో ఆ ఇద్దరికీ తెలిసిపోతుంది. ఆపైన అరిచి మాట్లాడతారు, తర్వాత జాలిగా మాట్లాడతారు, చివరికి ఆమె మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. తన చిన్నత్త విషయంలో ఐవీ అదంతా చూసింది.

కనుక ఆ బుధవారం కేకు ఉడికి తీరాలి.

ముందు రాత్రే నల్ల ఎండు ద్రాక్ష, కిస్‌మిస్, నారింజ తొక్క చిక్కటి చల్లటి టీలో నానబెట్టింది. పొద్దునకు అవి ఉబ్బి గిన్నె నిండాయి. వెన్నలో నల్ల చక్కెర వేసి చెక్క గరిటెతో చేయి నొప్పి పుట్టేదాకా కలిపింది. గుడ్లు ఒక్కొక్కటే కొట్టింది. పిండి, జాజికాయ పొడి, గరిటెడు నల్ల పాకం. డబ్బా లోపల రెండు వరసల కాగితం, బయట పాత న్యూస్‌పేపరు చుట్టి పురికొస కట్టింది. ఇవన్నీ చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. డబ్బా ఓవెన్‌లో పెట్టి తలుపు వేసేసరికి పన్నెండున్నర.

తర్వాత చేయడానికేమీ లేదు. కొండ మీంచి పొగమంచు దిగి కిటికీని మూసేసింది. గదిలో వెన్న, జాజికాయ, కాలుతున్న చక్కెర వాసన మెల్లగా నిండింది. వాసనకు చెవులతో పని లేదు. ఐవీ కళ్ళు మూతపడ్డాయి. మగ్గాల మధ్య నడుస్తున్నట్టు, పడుగు దారాలు వానలా నిలువుగా జారుతున్నట్టు, ప్రతి మగ్గం వెనకా తల్లి నిలబడి పెదవులు కదుపుతున్నట్టు కల వచ్చింది. ఏమంటోందో చదవబోతుంటే మెలకువ వచ్చింది. రెండు దాటింది.

ఓవెన్ తెరిచి చెవి పెట్టింది. మంచు. ఇంకాస్త వంగింది. చెంప సుర్రుమంది. మంచే.

తలుపు మూసి నిలబడి ఉండగా బెరిల్ లోపలికొచ్చింది. బుధవారం సంత రోజు. మర్నాటికి చీజ్ తెచ్చి ఇవ్వడం ఆమె వంతు. తలుపు తట్టే అలవాటు ఎప్పుడూ లేదు.

"ఏమే, ఆ మొహమేంటి? ఓవెన్‌లో పిల్లిని గానీ పెట్టావా?"

ఐవీ అప్పటికప్పుడు అబద్ధం అల్లింది. "జలుబు చేసిందే. చెవులు దిబ్బళ్ళేశాయి. కాస్త నువ్వు విని చెప్పు, నోరు మూసిందో లేదో."

బెరిల్ తల మీది స్కార్ఫు తడుముకుంది. "ఇప్పుడే జుట్టు సర్ది పిన్నులు పెట్టించుకొచ్చా. ఆవిరి కొడితే దిగజారిపోద్ది."

"స్కార్ఫు కట్టుకునే ఉన్నావుగా."

"నీ కేకు నేనెందుకు వినాలి?"

"రేపు తినేది నువ్వే కనుక."

బెరిల్ సంచి కింద పెట్టింది. ఐవీ డబ్బాను ఇవతలికి లాగింది. బెరిల్ మోకాళ్ళు పట్టుకుని వంగి, ముందు కుడి చెవి పెట్టింది, తర్వాత ఎడమ చెవి, వైద్యుడిలా కనుబొమలు ముడిచి చాలాసేపు ఉంది. తల తిప్పకుండానే చేయి ఊపింది.

"చడీచప్పుడూ లేదు. అయిపోయింది. తీసెయ్."

ఐవీ గుడ్డతో డబ్బా అంచు పట్టుకుంది. పట్టుకోగానే పైపొర మధ్యలో వణికింది, చెరువు మీద గాలి తగిలినట్టు. ఓవెన్‌లో పెట్టి ఇంకా రెండు గంటలు కాలేదు, మంట చూస్తే ఈ పూట మందంగా ఉంది. ఈ కేకు మాట్లాడకుండా ఎలా ఉంటుంది?

ఆమె బెరిల్ వీపు వంక చూసింది. ఆ స్కార్ఫు, వంగిన ఆ మెడ, ఓవెన్‌లోకి పెట్టిన ఆ చెవి. మామూలు గొంతుతో అంది.

"బెరిల్, నీ స్కర్టు వెనక చిరిగింది."

ప్రాణమున్న ఏ ఆడమనిషైనా ఆ మాటకు చేయి వెనక్కి పెట్టుకుని గిర్రున తిరుగుతుంది. బెరిల్ కదల్లేదు.

"నిలువునా చిరిగింది. సంతంతా చూసుంటారు."

బెరిల్ కేకు వంకే చూస్తూ, "వాసన మాత్రం బాగుంది" అంది.

ఐవీ డబ్బాను లోపలికి తోసి, తలుపు వేసి, బెరిల్ భుజం మీద చేయి వేసి తనవైపు తిప్పుకుంది. తర్వాత పన్నెండేళ్ళుగా చేయని పని చేసింది. గొంతు లేకుండా, మిల్లులోలాగా, పెదవులు మాత్రం పెద్దగా కదిపి అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

బెరిల్ మొహంలో ముందు కోపం వచ్చింది, తర్వాత పోయింది. బొగ్గుల పెట్టె మీద కూలబడింది. ఆమె కూడా పెదవులతోనే జవాబిచ్చింది.

"మిల్లు మూసిన ఏడాదికే. నీకు?"

"నీకంటే ముందే."

"అబద్ధం. నాకంటే ముందు నీకేదీ జరగలేదు, పెళ్ళితో సహా."

ఇద్దరూ నవ్వారు. బయటినుంచి ఎవరైనా చూసుంటే, చప్పుడు లేకుండా నోళ్ళు తెరుచుకుని ఊగిపోతున్న ఇద్దరు ముసలివాళ్ళు కనిపించేవారు.

బెరిల్ కళ్ళు తుడుచుకుని గొంతు తెచ్చుకుంది. "అందుకా ఆ కిటికీ కుర్చీకి అంటుకుపోయి కూర్చుంటావు? పన్నెండేళ్ళుగా నీ మొహం నాకు బొగ్గు ముద్దలా కనిపిస్తోందే. నువ్వు నవ్వితే నవ్వాను, తల ఊపితే ఊపాను. ఇక చాతకాకే మా ఇంటికి మారుద్దామన్నా."

"కేకు వంక పెట్టావు."

"కేకు కూడా దరిద్రంగానే ఉందిలే."

అక్కడితో ఒక చిక్కు తీరింది. ఓవెన్‌లో ఉన్నది తీరలేదు. నాలుగు చెవులున్నాయి, ఒకటీ పనిచేయదు. బెరిల్ దువ్వెన పంటితో గుచ్చి చూద్దామంది. ఐవీ చూసిన చూపుకు దువ్వెన మళ్ళీ సంచిలోకి పోయింది. మిగిలింది మూడిళ్ళ అవతల ఉన్న మిస్ ఆక్రాయిడ్.

"నువ్వెళ్ళి పిలువు" అంది ఐవీ.

"కేకు నీది. నువ్వే వెళ్ళు. ఆవిడ నన్ను బళ్ళో రెండుసార్లు మూలన నిలబెట్టింది, మూడోసారి నా వల్ల కాదు."

మిస్ ఆక్రాయిడ్ తలుపు తీసేసరికి ఐవీ కోటు లేకుండా పొగమంచులో నిలబడి ఉంది. దారిలో ఒక అబద్ధం సిద్ధం చేసుకుంది, జలుబుదే. ఆవిడ మొహం మీద వసారా దీపం వెలుతురు పడుతోంది, పెదవులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అబద్ధం అవసరం లేనంత స్పష్టంగా. ఐవీ నిజమే చెప్పింది.

"నాకు చెవులు వినపడవు టీచరు గారూ. చాలా ఏళ్ళయింది. కేకు ఉడికిందో లేదో మీరొచ్చి విని చెప్పాలి."

మిస్ ఆక్రాయిడ్ టోపీ పెట్టుకోవడానికి తీసుకున్నంతసేపు మాత్రం ఆలోచించారు. వంటింట్లోకి వచ్చాక బెరిల్ సంగతి కూడా బయటపడింది. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"మీరిద్దరూ ఇన్నేళ్ళుగా నా నోటివంకే చూస్తుంటే, కట్టుడు పళ్ళు వదులయ్యాయేమో అనుకున్నాను. రెండు సెట్లు మార్పించాను."

"రెండోదే బాగుంది" అంది బెరిల్.

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఓవెన్ ముందు వంగారు. ఎనభయ్యేళ్ళ మనిషి. ఐవీ ఒక చేయి, బెరిల్ ఒక చేయి పట్టుకున్నారు. ఆవిడ తల ఎత్తి, వాళ్ళకు కనిపించేలా మొహం తిప్పి, బళ్ళో పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పారు.

"మాట్లాడుతోంది. బాగా మాట్లాడుతోంది. దూరంగా రేకు కప్పు మీద వాన పడుతున్నట్టుంది."

ఐవీ ఆ పెదవులనే చూస్తోంది. రేకు కప్పు, వాన. తల్లి వంటిల్లు రేకు కప్పుదే. ఎప్పుడో పోయిన చప్పుడు అది, ఇప్పుడు మరొకరి నోటి మీద కదులుతూ కనిపించింది.

మంటలోకి ఇంకో పార బొగ్గు వేశారు. టీ పెట్టుకున్నారు. కిటికీ అవతల మధ్యాహ్నం మెల్లగా నీలంగా మారింది. అరగంటకోసారి మిస్ ఆక్రాయిడ్ లేచి వంగేవారు, విన్నది చెప్పేవారు. మొదట అన్నిసార్లు వంగొద్దన్న బెరిల్ తర్వాత ఆవిడ లేవడం ఆలస్యమైతే మోచేత్తో పొడవసాగింది.

"ఇప్పుడేమంటోంది?"

"వాన తగ్గింది. చర్చిలో వెనక బెంచీ మీద ఇద్దరు ముసలమ్మలు గుసగుసలాడుతున్నారు."

"ఎవరి గురించి?"

"నీ గురించే అయ్యుంటుంది."

నాలుగింటికి ఒక్క ముసలమ్మే మిగిలిందన్నారు. నాలుగుంపావుకు ఆమె కూడా కునికిపాట్లు పడుతోందన్నారు, మధ్యలో ఉండి ఉండి ఒక మాట. దీపం వెలిగించారు. ముగ్గురూ ఆ ఇనుప తలుపు వంక చూస్తూ, లోపల ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు కూర్చున్నారు. ఐవీకి తాను మెలకువగా ఉందో కలలో ఉందో కాసేపు తెలియలేదు.

ఐదు కావస్తుండగా మిస్ ఆక్రాయిడ్ మళ్ళీ వంగారు. ఈసారి చాలాసేపు లేవలేదు. ఆ ఇద్దరూ ఆవిడ మొహం తిరగడం కోసం చూస్తున్నారు. ఆవిడ కళ్ళు మూసుకున్నారు, చెవి మార్చారు, మళ్ళీ మొదటి చెవి పెట్టారు. అప్పుడు తిరిగారు.

"పడుకుంది."

ఐవీ డబ్బా బయటికి తీసింది. మధ్యలో వణకలేదు.

గురువారం మూడింటికి బల్ల గోడవైపుకు జరిగింది. ఐవీ కుర్చీ పక్కన మరో కుర్చీ, రెండూ కిటికీకి వీపుపెట్టి. ఎదురుగా వెలుతురులో మిస్ ఆక్రాయిడ్ ఒక్కరే, కళ్ళు చికిలించుకుని. పోలీసులు విచారణకు పిలిచినట్టుందన్నారు. కేకు అన్నిసార్లు తలుపు తీసినందుకు నడుమ కాస్త కుంగింది. ఐవీ కత్తి దించి, తీసి, వెలుతురుకు ఎత్తి చూసింది. కత్తి పొడిగా ఉంది. ముక్క మీద చీజ్ పెట్టి బెరిల్‌కిచ్చింది. బెరిల్ నమిలింది, తొందరపడకుండా మింగింది.

"ద్రాక్షంతా అడుక్కి దిగిపోయింది" అంది. ఇంకో ముక్కకు చేయి చాచింది. "వచ్చేవారం మా ఇంటికెవరూ రానక్కర్లేదు. నా సోఫా బరువు, నేను జరపలేను."

"బుధవారం నేను పన్నెండింటికే వస్తాను" అన్నారు మిస్ ఆక్రాయిడ్. "మొదటి నుంచి వినాలనుంది."

రెండో కప్పు టీ దగ్గర ఆవిడ పాస్టరు గారి టోపీ కథ ఎత్తుకున్నారు. సగంలో ఆవిడకే నవ్వొచ్చింది. నోట్లో కేకు ఉందేమో, చేయి అడ్డం పెట్టుకుని మిగతాది చెప్పేశారు. బెరిల్ తొడ చరుచుకుని నవ్వింది. ఐవీ కూడా నవ్వబోయింది. పెదవులు సగం విడిపోయాక ఆగింది. కప్పు సాసరులో పెట్టింది.

"నాకు అందలేదు టీచరు గారూ. మళ్ళీ చెప్పండి."

బెరిల్ నవ్వు ఆపింది. ముందు ఐవీని చూసింది, తర్వాత మిస్ ఆక్రాయిడ్‌ను.

"నాకూ అందలేదు" అంది.

మిస్ ఆక్రాయిడ్ నోట్లోది మింగి, పెదవుల మీది పొడి తుడుచుకుని, వెలుతురులోకి మొహం ఎత్తి, కథను మొదటి నుంచి మొదలుపెట్టారు.